రెండు ప్రోగ్రాముల మధ్య కబురు: పైపు, క్యూ, సాకెట్‌లలో ఏది మేలు?

ఒకే యంత్రంలో నడిచే రెండు ప్రోగ్రాములు కబుర్లు పంపుకోవాలంటే దేన్ని వాడాలని యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ మీద పనిచేసే మిత్రులు తరచూ అడుగుతుంటారు. ఎక్కువమందికి కావలసింది వేగం లెక్క. నేను మాత్రం ముందు వేరే సంగతి చూస్తాను: అవతలి ప్రోగ్రాము ఆగిపోతే ఇవతలి దానికి తెలుస్తుందా?

కిందటేడు దాకా మేము సిస్టమ్ ఫైవ్ మెసేజ్ క్యూ వాడాం; ఒకరు వేసిన సందేశాలను మరొకరు వరుసగా తీసుకునే పాత యూనిక్స్ పద్ధతి అది. ఒక ప్రోగ్రాము శీతల గిడ్డంగిలోని ఉష్ణోగ్రతను నిమిషానికోసారి 64 బైట్ల సందేశంగా క్యూలో వేసేది. రెండోది దాన్ని తీసుకుని, టైము వేసి డేటాబేసులో రాసేది. ఒక రాత్రి రెండోది ఆగిపోయింది. మొదటిది ఎప్పటిలాగే సందేశాలు వేస్తూ పోయింది; ఒక్క ఎర్రరూ రాలేదు. పొద్దున క్యూల స్థితి చూపే ‘ఐపీసీఎస్’ కమాండుతో చూస్తే వాడిన బైట్లు 16384, సందేశాలు 256. యూనిక్స్ తరహాదే అయిన లినక్స్‌లో ఒక్కో క్యూకు మామూలుగా ఉండే పరిమితి సరిగ్గా అంతే. అంటే నాలుగు గంటల పదహారు నిమిషాల్లో క్యూ నిండింది. ఆ తర్వాతి సందేశం వేయబోయి మొదటి ప్రోగ్రామూ అక్కడే నిలిచిపోయింది. ఇక తెల్లవారేదాకా కొలతలే లేవు. రెండోదాన్ని మళ్లీ నడిపించగానే ఆ పాత కొలతలన్నీ పొద్దుటి టైముతో నమోదయ్యాయి. టైము కొలిచినచోటే వేయకపోవడం మా పొరపాటే. కానీ రాత్రంతా ఎవరికీ ఏమీ తెలియకపోవడానికి కారణం క్యూ స్వభావం. అది కెర్నెల్‌లో (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయలో) విడిగా ఉంటుంది. వేసేవారితో, తీసేవారితో దానికి పని లేదు.

యూనిక్స్ డొమైన్ సాకెట్ అలా కాదు. 1983లో 4.2 బీఎస్‌డీ అనే యూనిక్స్ రకంతో వచ్చిన ఈ పద్ధతిలో రెండు కొసలూ ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి. అవతలి ప్రోగ్రాము ఎలా చనిపోయినా దాని కొసను కెర్నెల్ మూసేస్తుంది. ఇవతల చదవబోతే మామూలుగా సున్నా బైట్లు వస్తాయి, రాయబోతే ‘ఈపైప్’ (అవతలి కొస లేదు) ఎర్రర్ వస్తుంది. (రాయబోయినప్పుడు సిగ్‌పైప్ అనే సిగ్నల్, అంటే కెర్నెల్ హెచ్చరిక, కూడా వస్తుంది; దానికి ముందే ఏర్పాటు చేసుకోకపోతే మీ ప్రోగ్రామే పోతుంది, జాగ్రత్త.) వినేవారే లేకపోతే కనెక్షనే కుదరదు. అవతల ఉన్నది ఏ యూజరో, ఏ ప్రాసెసో (నడుస్తున్న ప్రోగ్రామో) లినక్స్‌లో కెర్నెల్‌నే అడిగి తెలుసుకోవచ్చు. సందేశాల హద్దులు చెదరకూడదనుకుంటే సీక్వెన్‌స్డ్ ప్యాకెట్ రకం సాకెట్ ఉంది. పోస్ట్‌గ్రెస్ డేటాబేసు, కంటైనర్లు నడిపే డాకర్, తెర మీద విండోలు చూపే ఎక్స్ విండో ఒకే యంత్రంలోని తమ క్లయింట్లతో మామూలుగా మాట్లాడేది ఈ దారినే.

సాకెట్‌కూ లోపాలున్నాయి. చదవకుండా బఫర్‌లో (తాత్కాలిక నిల్వలో) మిగిలిన సందేశాలు అవతలి ప్రోగ్రాముతోపాటే పోతాయి; క్యూలో అయితే భద్రంగా ఉంటాయి. ఒక్క కబురూ పోకూడదు, ఆలస్యమైనా ఫరవాలేదు అనేవారికి ఆ గుణం విలువైనదే, యంత్రం రీబూట్ కానంతవరకు. ఇక అవతలి ప్రోగ్రాము చావకుండా కేవలం బిగుసుకుపోతే సాకెట్ కూడా చెప్పలేదు. అందుకే ఇప్పుడు మేము ప్రతి సందేశానికీ జవాబు అడుగుతున్నాం. ఐదు సెకన్లలో రాకపోతే అలారం మోగుతుంది. సాకెట్‌కు పేరుగా ఉండే పాత ఫైలు మిగిలిపోతే కొత్త సాకెట్ ఆ పేరుతో బైండ్ కాదు (ముడిపడదు) కనుక, ముందే దాన్ని తీసేయాలి.

పైపు అంటే ఒక కొసన రాసింది మరో కొసన చదివే దారి; ఇది 1973 నుంచీ ఉంది. తల్లి ప్రాసెస్ నుంచి అది పుట్టించిన పిల్ల ప్రాసెస్‌కు ఒకే దిశలో డేటా పంపడానికి ఇంతకంటే తేలికైనది లేదు; కొస మూసుకుంటే ఇదీ చెబుతుంది. ఫైలులా పేరున్న పైపులో చాలామంది రాసేటట్టయితే, లినక్స్‌లో 4096 బైట్లు దాటిన సందేశాలు ఒకదానిలో ఒకటి కలిసిపోవచ్చు. జవాబు కావాలంటే రెండో పైపు పెట్టాలి. అక్కడికి వచ్చాక సాకెట్‌కే మారడం నయం.

షేర్డ్ మెమరీ (ప్రోగ్రాములు పంచుకునే మెమరీ) వీడియో ఫ్రేముల్లాంటి పెద్ద డేటాకే. సిగ్నళ్లను కబుర్లకు వాడవద్దు. డెస్క్‌టాప్ ప్రోగ్రాములైతే డీ-బస్ అనే సందేశ వ్యవస్థ చూడండి. దాని కింద ఉన్నదీ మామూలుగా యూనిక్స్ సాకెట్టే.