నీడ మొక్కలకి బందరు రోడ్డు నర్సరీ: ఏడాది కొన్నాక నా అనుభవం

మా ఫ్లాట్ బాల్కనీ ఉత్తరం వైపు, ఎదురుగా ఇంకో అపార్ట్‌మెంట్, నేరుగా ఎండ అరగంట కూడా పడదు. గులాబీలు, మందారాలు పెట్టి రెండేళ్లు చూశాను, ఒక్కటీ నిలబడలేదు. పోయిన ఏడాది జూలై నుంచి, పువ్వు పూయని ఆకు మొక్కలైన ఫెర్న్‌లు, నీడలో పెరిగే ఆసియా మొక్కలు మొదలుపెట్టాను, అన్నీ బెజవాడ బందరు రోడ్డు మీద ఒకే నర్సరీలో కొన్నవి, ఇప్పటికి పద్నాలుగు కుండీలయ్యాయి. నర్సరీ పేరు రాయడం లేదు, ఎందుకంటే నాకున్న ఫిర్యాదు వాళ్లొక్కళ్ల మీదే కాదు, ఊళ్లో నేను తిరిగిన నాలుగైదు చోట్లా అదే చూశాను.

మొక్కలు మాత్రం నిజంగా బాగుంటాయి. ఎక్కువ భాగం కడియం నుంచి వస్తాయి, లోడు దిగిన రోజు పొద్దున్నే వెళ్తే మంచివి దొరుకుతాయి. నాకు బాగా నచ్చింది బ్లూ ఫెర్న్, మైక్రోసోరం థాయ్‌లాండికం, పేరులోనే ఉంది ఎక్కడిదో. 450 రూపాయలు. ఆకు ఎదురుగా చూస్తే ముదురు ఆకుపచ్చ, కాస్త పక్కకి జరిగి చూస్తే నెమలికంఠం రంగు పట్టుచీర మడత తిప్పినట్టు నీలం మెరుస్తుంది. వెలుతురు ఎక్కువైతే ఆ నీలం తగ్గిపోతుంది, కాబట్టి మా బాల్కనీలో బాగా లోపలి మూల దానికిచ్చాను.

ఇక అసలు సమస్య, మట్టి. మొక్కలన్నీ ఎర్రమట్టి కవర్లలో వస్తాయి. బర్డ్స్ నెస్ట్ ఫెర్న్ ఒకటి కొని అలాగే కుండీలో దింపాను, నెల తిరిగేసరికి ఆకులు పసుపయ్యాయి. తీసి చూస్తే మట్టిముద్ద ఇటుకలా ఉంది, వేళ్లు చుట్టూ అంచున మాత్రమే ఉన్నాయి, మధ్యలో నల్లగా కుళ్లు వాసన. అసలది అడవిలో చెట్ల కొమ్మల మీద పెరిగే మొక్క, రాలిన ఆకుల్ని తన మధ్యలో పోగేసుకుని బతుకుతుంది, దాని వేళ్లకి గాలి కావాలి. జిగట మట్టిలో పెడితే ఊపిరాడదు. "కుండీ మార్చి ఇస్తాం మేడం, యాభై ఇవ్వండి" అంటారు, కానీ మళ్లీ అదే ఎర్రమట్టి, పైన కాస్త పశువుల ఎరువు. దయచేసి వద్దనండి. నేనిప్పుడు ఇంటికి తెచ్చాక ఆ మట్టిని నీళ్లలో నానబెట్టి మెల్లగా వదిలించి, బాగా కడిగిన కోకోపీట్ (కొబ్బరి పొట్టు), కొబ్బరి చిప్స్, పెర్లైట్ (తేలికైన తెల్ల రాతి గుళికలు), కొంచెం వర్మీకంపోస్టు, గుప్పెడు బొగ్గు ముక్కలు కలిపి నాటుతున్నాను. ఆ తర్వాత మట్టి వల్ల ఒక్క మొక్కా పోలేదు.

సలహాలు కూడా జాగ్రత్తగా వినాలి. అదే ఫెర్న్ ఆకు వెనక గోధుమరంగు గీతలు దువ్వెనతో గీసినట్టు వరసగా వస్తే, ఫోటో చూసి అక్కడి అబ్బాయి "పురుగు పట్టింది, మందు కొట్టండి" అన్నాడు. అవి సిద్ధబీజాలు (స్పోర్లు)! ఫెర్న్‌కి పువ్వు, గింజ ఉండవు, ఆ గీతల్లోంచే కొత్త మొక్కలు పుడతాయి. పిండినల్లి అయితే తెల్లగా దూదిలా, ఎక్కడ పడితే అక్కడ ఉంటుంది, ఇలా కొలిచినట్టు వరసలు కట్టదు.

నాకు బాధ కలిగించింది జపనీస్ పెయింటెడ్ ఫెర్న్. వెండి రంగు ఆకు, మధ్యలో వంకాయ రంగు ఈనె, చూడగానే ఆగలేకపోయాను, 600. అది చలికాలంలో ఆకు రాల్చి నిద్రపోయే మొక్క, దానికి గట్టి చలి కావాలి, మన దగ్గర డిసెంబరు రాత్రుల్లో కూడా చొక్కా మీద తిరుగుతాం కదా. మేలో పోయింది. ఇది బెజవాడలో బతకదని అమ్మేవాళ్లే చెప్పాలి, ముఖ్యంగా కొత్తవాళ్లకి.

రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండకి మిగతావి ఎలా నిలబడ్డాయో కూడా చెప్తాను. రెయిలింగ్‌కి 75 శాతం షేడ్ నెట్, దాని మీద తడి గోనెసంచులు, కుండీలన్నీ దగ్గర దగ్గరగా జరిపాను. బోరు నీళ్లు మానేశాను, వాటి వల్ల ఆకుల కొసలు మాడిపోతున్నాయి, మట్టి కుండీల మీద తెల్లగా ఉప్పు పేరుకుంటోంది. ఏసీ పైపు కింద బకెట్ పెట్టి ఆ నీళ్లే పోశాను, బర్డ్స్ నెస్ట్‌కి మాత్రం నడిమధ్య గూట్లో పడకుండా అంచు వెంట.

మొదటిసారి కొనేవాళ్లు ఆస్పిడిస్ట్రా తీసుకోండి, జపాన్ వైపు మొక్క, చీకటి మూలైనా, నీళ్లు ఓ రోజు మర్చిపోయినా తట్టుకుంటుంది, కాకపోతే బాగా నిదానం. మాది ఏడాదిలో మూడు ఆకులే వేసింది. నాలుగోది నిన్న పొద్దున చూశాను, అగరబత్తీ అంత సన్నగా చుట్టుకుని మట్టిలోంచి లేచింది.