పెనుగొండ, అత్తిలి ఓట్ల లెక్కలు వెతికేవారికి ఎన్నికల సంఘం నివేదికలు ఎంతవరకు పనికొస్తాయి?

పెనుగొండ, అత్తిలి పేర్లతో అసెంబ్లీకి చివరి సాధారణ ఎన్నిక జరిగింది 2004లో. 2008 నియోజకవర్గాల పునర్విభజనలో ఈ రెండు సీట్లూ రద్దయ్యాయి; పశ్చిమ గోదావరి సీట్లు 16 నుంచి 15కి, తూర్పు గోదావరి సీట్లు 21 నుంచి 19కి తగ్గాయి. తూర్పు గోదావరిలో ఆలమూరు, కడియం, నగరం, అల్లవరం, తాళ్లరేవు, సంపర కూడా అప్పుడే పోయాయి, కొన్ని కొత్త సీట్లు వచ్చాయి. వీటిలో ఏ సీటు చరిత్ర కావాలన్నా ముందు తెరవాల్సింది కేంద్ర ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరికే గణాంక నివేదికలే. ఒక్కో ఎన్నికను విడిగా చూసుకుంటే అంతకంటే నమ్మకమైనది ఇంకోటి లేదు. అయితే రద్దయిన సీటు ఊళ్లు ఆ తర్వాత ఎటు పోయాయో మాత్రం అందులో ఉండదు. దానికి ఏ సీటులో ఏ మండలాలు, ఊళ్లు ఉన్నాయో చెప్పే 2008 డీలిమిటేషన్ (పునర్విభజన) ఆర్డర్‌ను కూడా పక్కన పెట్టుకోవాలి.

నివేదికలో ప్రతి నియోజకవర్గానికీ మొత్తం ఓటర్లు, పోలైన ఓట్లు, చెల్లని ఓట్లు, అభ్యర్థుల వారీగా ఓట్లు, పార్టీ ఉంటాయి. పాతవి పీడీఎఫ్‌లు, కొత్తవి ఎక్సెల్ షీట్లు. శాతాల దగ్గరే జాగ్రత్త పడాలి. పాత నివేదికల్లో అభ్యర్థి శాతం చెల్లిన ఓట్ల మీద వేసింది. కొత్త షీట్లలో మొత్తం ఓటర్ల మీద ఒకటి, పోలైన ఓట్ల మీద ఒకటి, రెండు శాతాలు పక్కపక్కనే ఉంటాయి. పైగా 2014 నుంచి నోటా వరుస వచ్చి చేరింది. శాతాలను ఎత్తి రాసుకోకుండా ఓట్ల అంకెలు తీసుకుని సొంతంగా లెక్క కట్టుకోవడమే మేలు.

తొలి ఎన్నికల దగ్గర చాలామంది దారి తప్పుతారు. 1952 ఫలితాలు ఆంధ్రప్రదేశ్ కింద దొరకవు, మద్రాసు రాష్ట్రం కింద చూడాలి. 1955వి ఆంధ్ర రాష్ట్రానివి. 1957లో అసెంబ్లీ ఎన్నిక తెలంగాణ ప్రాంతానికే జరిగింది; కోస్తాలో 1955లో గెలిచినవాళ్లే 1962 దాకా కొనసాగారు. కాబట్టి 1957 అసెంబ్లీ పట్టికలో గోదావరి డెల్టా సీట్లు లేవంటే అది నివేదిక లోపం కాదు. లోక్‌సభకు మాత్రం ఆ ఏడు ఇక్కడా ఓటింగ్ జరిగింది. ద్విసభ్య నియోజకవర్గాల సంగతి వేరు. 1952లో రాజమండ్రి లోక్‌సభ స్థానం నుంచి కానేటి మోహనరావు, నల్లా రెడ్డినాయుడు ఇద్దరూ ఎన్నికయ్యారు. అలాంటి చోట ఓటరుకు రెండేసి ఓట్లు. ఆ మొత్తాన్ని ఓటర్ల సంఖ్యతో భాగిస్తే వచ్చే పోలింగ్ శాతానికి అర్థం లేదు.

పేర్లు, నంబర్లతో కూడా తిప్పలే. ఉమ్మడి రాష్ట్రం జాబితాలో మన పెనుగొండ, అనంతపురం జిల్లా పెనుకొండ రెండూ ఉంటాయి. ఇంగ్లిష్‌లో తేడా ఒక్క అక్షరమే. నరసాపురానికి మెదక్ జిల్లా నర్సాపూర్ తోడు. 2009 నుంచి ఉన్న కోనసీమ పి.గన్నవరం సీటు పేరు ఆర్డర్‌లో ఉత్త గన్నవరం, పక్కన ఎస్సీ అని ఉంటుంది. కృష్ణా జిల్లా గన్నవరం జనరల్. ముందు జిల్లా చూసి, తర్వాత పేరు చూడాలి. నంబరును నమ్ముకుని షీట్లు కలపకూడదు: 2009, 2014లలో ఆచంట నంబరు 175, 2019 నుంచి 56. తెలంగాణ 119 సీట్లు ముందు వరుస నుంచి తొలగడమే ఆ తేడాకు కారణం.

ఈ ఆచంట దగ్గరే నివేదికకు, ఆర్డర్‌కు ఉన్న పొత్తు బాగా తెలుస్తుంది. 2004లో ఆచంట ఎస్సీ రిజర్వుడు, అక్కడ గెలిచింది టీడీపీ నుంచి పీతల సుజాత. 2009కి అదే పేరు జనరల్ సీటయింది. ఆర్డర్‌లో ఆ వరుస చదివితే పెనుమంట్ర, ఆచంట, పెనుగొండ మండలాలు, పోడూరు మండలంలో కొన్ని ఊళ్లు అని ఉంటుంది. పోడూరులో మిగిలినవి పాలకొల్లుకు వెళ్లాయి. అత్తిలి మండలం తణుకులో కలిసింది. ఇప్పుడు గెలిచినవాళ్ల పేర్లు చూడండి. 2004లో పెనుగొండలో కాంగ్రెస్ నుంచి గెలిచిన పితాని సత్యనారాయణ 2009లో ఆచంటలో గెలిచారు. 2014లో, 2024లో టీడీపీ నుంచి మళ్లీ అక్కడే. 2004లో అత్తిలిలో కాంగ్రెస్ నుంచి గెలిచిన చెరుకువాడ శ్రీరంగనాథరాజు 2019లో వైసీపీ తరఫున అదే ఆచంటలో పితానిని ఓడించారు. రద్దయిన రెండు సీట్ల చివరి ఎమ్మెల్యేలు ఒకే చోట తలపడ్డారన్నమాట. ఆచంట పేరు పట్టుకుని 2004 అంకెలను 2009 అంకెల పక్కన పెడితే ఇదంతా కనిపించదు. వేరే జనం ఓట్లను ఒకే గీతలో కలిపినట్టవుతుంది. కొన్ని ప్రైవేటు ఎన్నికల సైట్లు చేస్తున్న పని సరిగ్గా ఇదే. గ్రాఫులు ఎంత అందంగా ఉన్నా వాటిని నమ్మి వ్యాసం రాయకండి.

2008 కంటే వెనక్కి వెళ్లాలంటే 1976 డీలిమిటేషన్ ఆర్డర్ చూడాలి. మండలాలు 1985లో వచ్చాయి కాబట్టి అందులో హద్దులు తాలూకా, ఫిర్కా (తాలూకాలో కొన్ని ఊళ్ల రెవెన్యూ విభాగం) లెక్కన ఉంటాయి. ఫిర్కాను మండలంతో నేరుగా జత చేయకుండా ఊరి పేర్లు దించుకుని ఒక్కొక్కటే సరిచూడాలి. డెల్టాలో ఒకే పేరున్న లంక ఊళ్లు ఎక్కువ. ఆ పని ఓపిగ్గా చేయాలి.

ఉప ఎన్నికలు సాధారణ ఎన్నికల నివేదికలో రావు. 1996లో ముమ్మిడివరం నుంచి జి.ఎం.సి. బాలయోగి అసెంబ్లీకి వెళ్లినదీ, ఆయన మరణం తర్వాత 2002లో అమలాపురం లోక్‌సభకు ఆయన భార్య విజయకుమారి ఎన్నికైనదీ ఉప ఎన్నికల జాబితాలోనే వెతకాలి. పోలింగ్ కేంద్రాల వారీ ఓట్లు కూడా నివేదికలో ఉండవు, అవి ఫారం 20లో ఉంటాయి. పోడూరు లాంటి చీలిన మండలంలో ఏ ఊరు ఎటు మొగ్గిందో తేలాలంటే ఆ ఫారమే ఆధారం. కేంద్రాల నంబర్లు ఎన్నిక ఎన్నికకూ మారుతుంటాయి. ఆ ఏటి పోలింగ్ కేంద్రాల జాబితాను కూడా దించుకుని, ఊరి పేరుతోనే జత చేసుకోండి.