నానమ్మ, తాతయ్య, టీకా వయసు రాని పిల్లలతో లాల్‌బాగ్‌: మా ఇంటి అనుభవం

ఇంట్లో డెబ్బై దాటిన పెద్దవాళ్లు, కరోనా టీకా వయసు రాని పిల్లలు కలిసి ఉన్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. 2021 అక్టోబరుకల్లా బెంగళూరులో దాదాపు అన్నీ తెరిచేశారు. అక్టోబరు 1 నుంచి సినిమా హాళ్లలో అన్ని సీట్లకూ అనుమతి వచ్చింది. మాల్స్ కిటకిటలాడాయి. తెరిచారు కదా అని గబుక్కున వెళ్లలేని ఇళ్లు మాలాంటివి అప్పటికింకా చాలా ఉండేవి. మా అత్తయ్యగారికి ఆస్తమా, మామయ్యగారికి షుగరు. ఇద్దరికీ కోవిషీల్డ్ రెండు డోసులూ పడ్డాయి. పాప మూడో తరగతి, బాబుకి ఐదేళ్లు నిండలేదు. ఆ నెల 21న దేశంలో నూరు కోట్ల డోసులు పూర్తయ్యాయని విని ఇంట్లో అందరం సంతోషపడ్డాం కానీ, ఆ నూరు కోట్లలో మా పిల్లల వయసు వాళ్లది ఒక్కటీ లేదు. అందుకే ఇల్లు దాటే ప్రతిసారీ నేను ముందు గాలి గురించే ఆలోచిస్తాను. ఆ లెక్కన చూస్తే ఈ ఊళ్లో పెద్ద తోట అయిన లాల్‌బాగ్‌ని మించిన చోటు నాకు కనబడలేదు.

గాలి అని ఎందుకంటున్నానంటే, 2021 మే 20న కేంద్ర ప్రభుత్వ ప్రధాన శాస్త్ర సలహాదారు కార్యాలయం ఒక సూచన పత్రం ఇచ్చింది. తుమ్మినా దగ్గినా పడే పెద్ద తుంపరలు రెండు మీటర్ల లోపే రాలిపోతాయి, సన్నటి తుంపరలు మాత్రం గాల్లో పది మీటర్ల దాకా పోగలవు అని అందులో ఉంది. కిటికీలు మూసిన గదిలో అవి పోగుపడతాయి, గాలి ఆడే చోట చెదిరిపోతాయి. ఆ మధ్య బంధువుల పిల్లాడి పుట్టినరోజుకని ఒక హోటల్‌కి పిలిచారు. గుమ్మం దగ్గర టెంపరేచర్ చూశారు, చేతుల్లో శానిటైజర్ పోశారు, టేబుళ్లు దూరంగానే వేశారు. అయితే ఆ హాలు సెల్లారులో ఉంది, ఒక్క కిటికీ లేదు, ఏసీ నడుస్తోంది, అందరూ మాస్కులు తీసి తింటున్నారు. ఆ పిల్లాడి చేతిలో కానుక పెట్టి, ఏమీ అనుకోవద్దని చెప్పి వచ్చేశాం. శానిటైజర్ ఎంత పోసినా ఆ గదిలో గాలి మారదు కదా.

లాల్‌బాగ్ 240 ఎకరాలు. ఉదయం ఆరింటికి తెరుస్తారు. మేం ఆరున్నరకల్లా లోపల ఉండేలా బయల్దేరతాం. మెట్రో గ్రీన్ లైన్‌లో లాల్‌బాగ్ స్టేషన్ దిగితే పశ్చిమ ద్వారం పక్కనే, నడక కూడా పెద్దగా ఉండదు. అయినా అత్తయ్యగారు ఉన్నారు కాబట్టి మా కారులోనే అద్దాలు దించుకుని వెళ్తాం. ఆ వేళకి వచ్చేవాళ్లలో ఎక్కువమంది రోజూ నడిచేవాళ్లే. వాళ్లు ఒకచోట ఆగరు, గుంపు కట్టరు, ఎదురుపడినా ఒక్క క్షణంలో దాటిపోతారు. మనకి కావాల్సింది అదే. ఆదివారం ఎనిమిదిన్నర దాటాక కథ వేరు. ఫోటోల కోసం వచ్చే కుటుంబాలు, స్నేహితుల గుంపులు మొదలవుతాయి, ఫోటో అనగానే మాస్కు గడ్డం కిందికి పోతుంది. మాస్కు లేకపోతే 2021లో నగరంలో 250 రూపాయల జరిమానా ఉండేది కానీ, అంత పెద్ద తోటలో ప్రతి చెట్టు కిందా ఆ జరిమానా వేసే మార్షల్‌ని నిలబెట్టలేరు కదా. మేం ఆ వేళకి బయటికి వచ్చేస్తాం.

పెద్దవాళ్లున్న ఇంటికి నాదొక గట్టి సలహా: కెంపేగౌడ గోపురం ఉన్న బండ జోలికి వాళ్లని తీసుకెళ్లకండి. ఆ బండ గొప్పదే. 300 కోట్ల ఏళ్ల నాటి రాయి, జాతీయ భూగర్భ స్మారకంగా గుర్తింపు ఉంది, పైనుంచి ఊరు బాగా కనిపిస్తుంది. పాపకి చూపించాలని నాకూ ఉండేది. కానీ అక్టోబరు వానలకి రాయి తడిసి జారుతుంది. పైగా కొత్తగా వచ్చే ప్రతివాళ్లూ ముందు అక్కడికే ఎక్కుతారు, గోపురం చుట్టూ మనుషులు ఒకరినొకరు రాసుకుంటూ నిలబడతారు. పిల్లల్ని నేనొక్కదాన్నే తీసుకెళ్లి చూపించి దించేశాను. అత్తయ్యగారూ మామయ్యగారూ కిందే, దారికి కాస్త లోపలగా ఉన్న ఒక బెంచీ చూసుకుని కూర్చున్నారు. బెంచీ ఎంచుకోవడం కూడా తేలికగా తీసుకోకండి. దారి వార బెంచీ అయితే అటూ ఇటూ పోయేవాళ్లు పక్కన వచ్చి కూర్చుంటారు. రెండు చెట్ల అవతల ఉన్న బెంచీకి ఎవరూ రారు.

మా మామయ్యగారు మదనపల్లెలో వృక్షశాస్త్రం చెప్పిన మాస్టారు. ఏడాదిన్నరగా నాలుగో అంతస్తు బాల్కనీలో ఉన్న తులసి, కరివేపాకు, రెండు గులాబీ కుండీలతోనే గడిపారు. ఇక్కడికి వచ్చాక ఆయనలో వచ్చిన మార్పు చూసి నాకు కళ్లు చెమర్చాయి. పెద్ద తెల్లబూరుగు చెట్టు దగ్గర పిల్లలిద్దర్నీ నిలబెట్టి, బాబు కంటే ఎత్తుగా గోడల్లా లేచిన దాని మొదలు చూపిస్తూ, అంత పెద్ద మానుకి మన్నులో ఆ పట్టు ఎందుకు కావాలో విడమర్చి చెప్పారు. చెబుతూ చెబుతూ మాస్కు కిందికి లాగేశారు.

"మామయ్యగారూ, మాస్కు."

"దీంట్లోంచి చెబితే పిల్లలకి వినపడుతుందా అమ్మా?"

చుట్టూ చూశాను. దరిదాపుల్లో మనిషన్నవాడు లేడు, గాలి చక్కగా ఆడుతోంది. "సరే, ఎవరైనా వస్తే పైకి జరుపుకోండి" అన్నాను. ఆయన అలాగే చేశారు. దూరంగా ఎవరో నడుచుకుంటూ వస్తే ఆపేసి, మాస్కు సర్దుకుని, వాళ్లు దాటాక మళ్లీ మొదలుపెట్టారు. నాలుగు గోడల మధ్య ఏ చోటైనా నేను ఆ మాట ఒప్పుకునేదాన్ని కాదు. గట్టిగా మాట్లాడినప్పుడే తుంపరలు ఎక్కువగా వస్తాయి. తాతయ్య మనవలకి గొంతెత్తి పాఠం చెప్పగలిగిన చోటు ఆ రోజుల్లో దొరకడం నాకు చాలా పెద్ద విషయం.

ఆ తర్వాత శిలాజ వృక్షం దగ్గరికి తీసుకెళ్లారు. తమిళనాడులోని తిరువక్కరై నుంచి తెచ్చిన, రెండు కోట్ల ఏళ్ల నాటి చెట్టు మొద్దు అది. పూర్తిగా రాయైపోయింది. "ఇది చెట్టా, రాయా తాతయ్యా?" అని పాప పదిసార్లు అడిగి ఉంటుంది. ఆన్‌లైన్ క్లాసుల్లో నోరు విప్పని పిల్ల.

పిల్లల మాస్కుల గురించి అప్పట్లో చాలామంది అడిగేవారు కాబట్టి చెబుతున్నాను. ఐదేళ్లు, అంతకంటే తక్కువ ఉన్నవాళ్లకి మాస్కు అవసరం లేదని 2021 జూన్‌లో కేంద్ర ఆరోగ్య శాఖ ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉంది. ఆరు నుంచి పదకొండేళ్ల వాళ్లు పెద్దల కనుసన్నల్లో పెట్టుకోవచ్చని కూడా వాటిలో ఉంది. అందుకని బాబుకి పెట్టను. వాణ్ని జనానికి దూరంగా ఉంచే బాధ్యత మాది. పాపకి మూడు పొరల గుడ్డ మాస్కు, బ్యాగులో ఇంకొకటి పొడిది. పరుగెత్తేటప్పుడు తీసేయమంటాను, ఊపిరాడదు. అత్తయ్యగారికి ఎన్95 పెడితే చదును నేల మీద కూడా ఆయాసం వస్తోంది. ఆవిడకి సర్జికల్ మాస్కు చాలు, కాకపోతే ఎప్పుడూ చివర నడుస్తారు, నేను పక్కనే ఉంటాను. ఇన్‌హేలర్ నా చేతిసంచిలో పైనే పెట్టుకుంటాను. లోపల బ్యాటరీ బండి ఉంది కానీ తెలియనివాళ్ల పక్కన ఇరుక్కుని కూర్చోవాలి. మేం ఎక్కం. ఆగి ఆగి నడుస్తాం.

లోపల ఏమీ తినం. తినాలంటే అందరూ ఒకేసారి మాస్కులు తీయాలి, పిల్లల చేతులు ఎక్కడెక్కడో పెట్టి ఉంటాయి. బయల్దేరే ముందు ఇంట్లోనే ఇడ్లీ తినేస్తాం, వచ్చేటప్పుడు కారులో బిస్కెట్లు, మజ్జిగ. ఎంటీఆర్ టిఫిన్ హోటల్ అక్కడికి దగ్గరే, మామయ్యగారికి రవ్వ ఇడ్లీ మీద మనసు పోతుంది. లోపల కూర్చోకుండా పార్సిల్ తెచ్చుకుని ఇంట్లో తిన్నాం, ఆయన తృప్తిగానే తిన్నారు. పబ్లిక్ టాయిలెట్ ఎక్కడైనా చిన్న మూసిన గదే కాబట్టి పిల్లల్ని ఇంట్లోనే పంపించి బయల్దేరడం మేలు. షుగరు ఉన్నవాళ్లకి అది కుదరదు. ఎన్95 పెట్టుకుని, లోపల ఎవరూ లేని సమయం చూసి వెళ్లి, త్వరగా రమ్మంటాను.

2021లో అక్కడ పూల ప్రదర్శన లేదు, కరోనా వచ్చాక అది ఆగిపోయింది. నాకైతే అదే మంచిదనిపించింది. ప్రదర్శన జరిగే రోజుల్లో గాజు మేడ ముందు నిలబడే జనంలోకి అత్తయ్యగారిని తీసుకెళ్లే ధైర్యం నాకు లేదు. 1889లో మొదలుపెట్టి కట్టిన ఆ మేడని బయటి గడ్డి వారనుంచి, తొందర లేకుండా, నలుగురూ తోసుకోకుండా చూశాం.

వాన మాత్రం నమ్మడానికి లేదు. చినుకు పడగానే జనం అంతా ఒకే నీడ కిందికి చేరతారు, బయట దొరికిన లాభం అక్కడ పోతుంది. మనిషికో గొడుగు తీసుకెళ్లండి, మబ్బు పట్టగానే గేటు వైపు తిరగండి. ఆ అక్టోబరు 25 నుంచి ఒకటి నుంచి ఐదో తరగతి పిల్లలకీ బడులు తెరిచారు కాబట్టి మాకు ఇక మిగిలింది శని, ఆదివారాలే. ఇంట్లో బడి ఈడు పిల్లలు లేనివాళ్లు మంగళ, బుధవారాల్లో వెళ్లండి, తోటలోని చెరువు చుట్టూ దారంతా మీదే.