భవిత సెంటర్‌లో ఆరేళ్లు: ఒక తల్లి అనుభవం

మా వాడికి పదేళ్లు. సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడు దెబ్బతిని ఒంటి కదలికలు అదుపులో ఉండవు. పుట్టగానే ఏడవలేదు, మెడ నిలవడానికే ఏడాదిన్నర పట్టింది. "కొందరు పిల్లలకు ఆలస్యమైతది తియ్" అని అత్తమ్మ అంటే నేనూ నమ్మి రెండేళ్లు పోగొట్టుకున్నాను.

ఆ తర్వాత హన్మకొండలో ఒక ప్రైవేటు థెరపీ సెంటర్‌లో చేర్చాం. పన్నెండు సెషన్ల డబ్బు ముందే కట్టించుకున్నారు. వాణ్ని లోపలికి తీసుకెళ్లి తలుపు వేసేవాళ్లు. బయట కుర్చీలో కూర్చుని వాడి ఏడుపు వినడమే నా పని. ఏం చేశారని అడిగితే "ఇంప్రూవ్‌మెంట్ ఉందమ్మా" అనేవాళ్లు, అంతే. ఆ నలభై నిమిషాలు పోతే మిగతా రోజంతా వాడు నా ఒళ్లోనే కదా!

వాడికి నాలుగేళ్లప్పుడు అంగన్‌వాడీ టీచర్ చెబితే మా మండలంలోని భవిత సెంటర్‌కు వెళ్లాం. వైకల్యం ఉన్న పిల్లల కోసం సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ విద్యా పథకం కింద నడిచేది, ఫీజు లేదు. బడి ఆవరణలోనే ఒక గది, చాపలు, గోడకు అద్దం. నిజం చెప్పాలంటే, ఇక్కడ ఏమవుతుందిలే అనుకున్నాను. ఫిజియోథెరపిస్టు వచ్చేది కూడా వారానికి ఒక్కరోజే. కానీ ఆయన మొదటిరోజే నన్ను చాప మీద కూర్చోమని, "నేను చేసేది ఒక్కరోజు, మీరు చేసేది ఆరు రోజులు. చూసి నేర్చుకో అక్కా" అన్నారు.

మా వాడు బొటనవేలు లోపల పెట్టి పిడికిలి బిగించేస్తాడు. నేను ఒక్కో వేలూ పట్టి లాగేదాన్ని, లాగినకొద్దీ ఇంకా బిగుసుకునేది. ఆయన వాడి మణికట్టును మెల్లగా లోపలికి వంచారు. వేళ్లు వాటంతట అవే విచ్చుకున్నాయి. ఐదేళ్లు నిండాక ఆధార్‌లో వేలిముద్రలు వేయించాలి కదా, అక్కడ ఆపరేటర్ విసుక్కుంటుంటే నేనే ముందుకెళ్లి అలాగే చేశాను. నాలుగోసారికి స్కానర్ తీసుకుంది. వెనక నిలబడ్డ ముసలమ్మ "దవాఖానల పనిజేస్తవా బిడ్డా?" అని అడిగింది.

తినిపించడమూ అంతే. జావ పల్చగా చేసి పడుకోబెట్టి పోసేదాన్ని, రోజూ పొలమారేది. కూర్చోబెట్టి, గడ్డం కాస్త కిందికి ఉండేలా చూసి, చిక్కటి జావ చెంచాతో పెట్టమన్నది అక్కడి టీచరమ్మే.

కాగితాల దారి కూడా ఆమే చూపించింది. ముందు వైకల్యం ఎంత శాతమో చెప్పే సదరం సర్టిఫికెట్ చేయించాం. 40 శాతం వైకల్యం ఉంటే పెన్షన్ వస్తుంది, 2023 నుంచి నెలకు 4,016 రూపాయలు. డైపర్లకూ ఆటోకే అయిపోతాయి, అది వేరే సంగతి. కాజీపేట నుంచి సికింద్రాబాద్‌కు రైల్లో వెళ్లినప్పుడు వాడితోపాటు నా టికెట్‌కూ రాయితీ దొరికింది. ఇలాంటి పిల్లలకు కేంద్రం ఇచ్చే నిరామయ ఆరోగ్య ఇన్సూరెన్స్ లక్ష రూపాయల వరకు ఉంటుంది, థెరపీ ఖర్చుకూ పెట్టుకోవచ్చు. కాకపోతే ఏటా రెన్యువల్ చేయాలి. ఒక ఏడాది నేనే మర్చిపోయాను, సరిగ్గా ఆ ఏడాదే వాడికి న్యుమోనియా. బిల్లంతా చేతి నుంచే పోయింది.

లోటు చెప్పాలంటే, వారానికి ఒక్క ఫిజియో రోజు ఏ పిల్లాడికీ చాలదు. ఇంట్లో చేయలేని తల్లి ఉంటే ఆ పిల్లాడి గతేంటని చాలాసార్లు అనిపించింది. ఇప్పుడు వాడు ఇరవై రెండు కిలోలు. ఎత్తుకుని బస్సు మెట్లెక్కడం నా నడుం వల్ల కావట్లేదు. రాలేని పిల్లల కోసం శనివారం టీచరమ్మే ఇంటికి వస్తుంది. గేటు దగ్గర స్కూటీ ఆగగానే వాడు అటు తల తిప్పుతాడు.

ఈ మధ్య మాటల కోసం మళ్లీ హన్మకొండలో వేరే చోట స్పీచ్ థెరపీ మొదలుపెట్టాం. ఫీజు సంగతి కంటే ముందు "నేను లోపల కూర్చోవచ్చా?" అని అడిగాను. ఆ అమ్మాయి లేచి, తన పక్కన ఇంకో కుర్చీ వేసింది.