అనంతపురంలో మా మిద్దెకు కాంక్రీటు పోసిన రెడీమిక్స్ సేవ: 5కు 4

అనంతపురం శివారులో కట్టుకుంటున్న మా ఇంటి స్లాబుకు మే నెలలో ఒక స్థానిక రెడీమిక్స్ సంస్థను (ప్లాంటులోనే కలిపిన కాంక్రీటును లారీలో తెచ్చి పోసేవారిని) పిలిపించాము. 1,200 చదరపు అడుగులు, 5 అంగుళాల మందం, దూలాలతో కలిపి సుమారు 18 ఘనపు మీటర్ల ఎం25 (బలాన్ని తెలిపే గ్రేడు) కాంక్రీటు. పంపు, వైబ్రేటర్లు (కాంక్రీటును అదిరించి గాలి బుడగలను బయటకు తెచ్చే యంత్రాలు), పోసే మనుషులు అన్నీ వారివే. అంతకుముందు స్తంభాలకు కాంక్రీటును మిల్లరులో (చిన్న మిక్సరు యంత్రంలో) కలిపించి, కడ్డీతో పొడిపించి సరిపెట్టుకున్నందువల్ల, పలకలు విప్పేసరికి రెండు స్తంభాల అడుగున కంకర తేలి తేనెతుట్టెలా కనిపించింది. అందుకే ఈసారి ధర కంటే ముందు పోసే పద్ధతిని అడిగి తెలుసుకున్నాము.

ఎండ ముదరకముందే పని ముగియాలని మొదటి లారీని తెల్లవారుజామున 5 గంటలకే తెచ్చారు. పంపు గొట్టం తడవడానికి ముందుగా పంపే సిమెంటు పాలను స్లాబులోకి వదలకుండా డ్రమ్ములో పట్టి పక్కన పెట్టారు. గొట్టం మూతిని కడ్డీలకు దగ్గరగా ఉంచి పోశారు. కాంక్రీటును 1.5 మీటర్లకు మించిన ఎత్తు నుండి వదలరాదని కాంక్రీటు పనుల భారతీయ ప్రమాణం ఐఎస్ 456 చెబుతుంది. ఎత్తు నుండి పడితే కంకర ఒకచోట, చాందు (సిమెంటు, ఇసుక ముద్ద) ఒకచోట చేరతాయి.

నాకు అన్నిటికంటే నచ్చినది వైబ్రేటర్ పట్టిన మేస్త్రీ పని. దూలాలలో 40 మిల్లీమీటర్ల నీడిల్‌ను (వైబ్రేటర్ చివర అదిరే కడ్డీని) నిలువుగా, వేగంగా దించేవాడు. బుడగలు గలగలా పైకి వచ్చి, కాసేపటికి ఆగిపోయి, నీడిల్ చుట్టూ సన్నని తడి మెరుపు కనబడగానే, గుంత మిగలకుండా మెల్లగా పైకి తీసేవాడు. ఒక్కోచోట 10, 15 సెకన్లకు మించలేదు. తరువాతి చోటును జానెడు, జానెడున్నర దూరంలోనే ఎంచుకునేవాడు. స్తంభం తలపై కడ్డీలు కిక్కిరిసిన చోట 25 మిల్లీమీటర్ల సన్న నీడిల్‌కు మారాడు. స్లాబు మందం 5 అంగుళాలే కనుక అక్కడ నీడిల్ నిలువుగా పూర్తిగా మునగదు. దానిని ఏటవాలుగా వాల్చి నడిపాడు. కుప్పగా పడిన కాంక్రీటును నీడిల్‌తో తోయబోయిన కుర్రవాడిని ఆపి, "పార పట్టుకో నాయనా, దాంతో తోస్తే పాలు పారిపోయి రాళ్లు మిగులుతాయి" అన్నాడు. ఈ ఒక్క మాట మా స్తంభాల నాడు ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేదో!

లోపం మూడవ లారీ దగ్గర వచ్చింది. దారిలో ఆలస్యమై కాంక్రీటు గట్టిపడడంతో డ్రైవరు లారీ డ్రమ్ములోకి నీళ్లపైపు పెట్టాడు. నేను అడ్డుపడి సూపర్‌వైజరును పిలిచాను. నీళ్లు కలిపితే జారుడు పెరుగుతుంది గాని బలం తగ్గుతుంది. ఆయన వెంటనే పైపు తీయించి, ప్లాంటు వారితో మాట్లాడి, తగిన మోతాదులో అడ్‌మిక్స్చర్ (నీళ్లు పెంచకుండానే జారుడు పెంచే రసాయనం) వేయించి, డ్రమ్ము తిప్పించి, స్లంప్ (జారుడు కొలత) మళ్లీ చూసిన తరువాతే పంపుకు ఎక్కించారు. సరిదిద్దారు, నిజమే, కానీ నేను అక్కడ లేకపోతే ఏమయ్యేది?

భద్రత విషయంలో సగం మార్కులే ఇస్తాను. పంపు నడుస్తున్నంతసేపూ సెంట్రింగు కిందకు ఎవరినీ వెళ్లనివ్వలేదు. బయట నిలబడి జాకీలను, సర్వి బాదులను గమనించడానికే ఒక మనిషిని పెట్టారు. గొట్టంలో గాలి చేరితే మూతి ఒక్కసారిగా ఎగిరి కొడుతుందని దాని దరిదాపులకు మమ్మల్ని రానివ్వలేదు. అయితే ఇద్దరు ఆడకూలీలు చెప్పులతోనే తడి కాంక్రీటులో దిగారు. తడి సిమెంటు క్షారం చర్మాన్ని కాలుస్తుంది. మధ్యాహ్నానికి ఒకామె పాదాలు ఎర్రబడ్డాయి. మంచినీళ్లతో కడిగించి నీడన కూర్చోబెట్టాము. బూట్లు, చేతి తొడుగులు లారీలోనే ఉన్నాయని తరువాత తెలిసినప్పుడు చాలా బాధ కలిగింది.

బలం పరీక్షకు పోసే కాంక్రీటు దిమ్మెల, అంటే క్యూబుల విషయంలోనూ పట్టుబట్టవలసి వచ్చింది. వారు 3 క్యూబులతో ఒకే నమూనా తీయబోయారు. 16 నుండి 30 ఘనపు మీటర్లకు ఐఎస్ 456 ప్రకారం 3 నమూనాలు కావాలని చెబితే, మారుమాట లేకుండా లారీకొకటి తీశారు.

వాడినది పీపీసీ (పోర్ట్‌లాండ్ పొజొలానా) సిమెంటు, అది నెమ్మదిగా బలపడుతుంది; పైగా మన ఎండ, గాలి. అందుకే మడులు కట్టి 14 రోజులు నీళ్లు నిలిపాము. సెంట్రింగు విప్పాక అడుగు భాగమంతా నున్నగా వచ్చింది. మూడవ లారీ పోసిన దూలం పక్కన మాత్రం అరచేయంత చోట కంకర కనిపించింది. కబురు పెట్టిన మర్నాడే వచ్చి, వదులు భాగం చెక్కి, శుభ్రం చేసి, కుదించుకుపోని గ్రౌటుతో (ఖాళీలు నింపే సిమెంటు మిశ్రమంతో) నింపి వెళ్లారు. పై అంతస్తుకూ వారినే పిలుస్తాము. అయితే లారీలో నీళ్లు కలపరాదని, కూలీలందరికీ బూట్లు ఇవ్వాలని ఆర్డరు కాగితం మీదే రాయించుకుంటాము.