అండమాన్‌లో స్కూబా: వీడియోల కన్నా ముందు ఆక్సిజన్ చూడండి

అనంతపురం నుంచి అండమాన్ పోవడం ఇప్పుడు కష్టమేమీ కాదు. కారులో బెంగళూరు ఎయిర్‌పోర్ట్, అక్కణ్నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు (ఇప్పుడు దాని పేరు శ్రీ విజయపురం) విమానం, తర్వాత ప్రైవేటు ఫెర్రీలో దాదాపు గంటన్నర పోతే హేవ్‌లాక్ ద్వీపం (ఇప్పుడు స్వరాజ్ ద్వీప్). బావుల్లో ఈత నేర్చుకున్న మన పిల్లలు స్కూబా, అంటే వీపుకు గాలి ట్యాంకు కట్టుకుని నీళ్ల అడుగుకు పోయే డైవింగ్, సర్టిఫికెట్లు కూడా తెచ్చుకుంటున్నారు. మా బామ్మర్ది అట్లాంటోడే. అందుకే బీచ్‌ల సంగతి తగ్గించి, నీళ్లలో ఏమైనా అయితే మనిషిని ఆస్పత్రికి ఎట్లా చేరుస్తారో చెబుతాను.

బసకు గోవింద్ నగర్, విజయనగర్ వైపే మేలు. రాధానగర్ బీచ్ చాలా బాగుంటుంది, సాయంత్రం పోయి చూసి రావచ్చు. కానీ అది ఫెర్రీలు ఆగే జెట్టీకి దూరం. తిండికి చేపల కూర ఎక్కడైనా దొరుకుతుంది, కారం మాత్రం మనకు చాలదు.

డైవ్ షాపుల దగ్గరే అసలు తేడా తెలిసింది. మొదట పోయిన షాపులో ఫోటోలు, వీడియోల ప్యాకేజీ గురించి అరగంట చెప్పారు. ఎమర్జెన్సీ ఆక్సిజన్ ఏదని మా వాడు అడిగితే వీపుకు కట్టుకునే ట్యాంకు చూపించారు. అందులో ఉండేది మామూలు గాలి, ఆక్సిజన్ 21 శాతమే! వెంటనే లేచి వచ్చేశాం. రెండో షాపులో అడగ్గానే పెట్టె తెరిచి సిలిండర్ మీటరు, మాస్కు చూపించారు. పడవలోనూ ఒకటి ఉంది. ఎవరికి ఫోన్ చేయాలో నంబర్లు రాసి గోడకు అంటించారు.

అదే మమ్మల్ని కాపాడింది. వరసగా డైవ్‌లు చేశాక పడవలో మా వాడికి మోచేతి కీలు నొప్పి, కాసేపటికి వేళ్లు తిమ్మిరి. ట్యాంకు బరువుకేమోలే అన్నాడు. ఇన్‌స్ట్రక్టర్ ఒప్పుకోలేదు. వెల్లకిలా పడుకోబెట్టి ఆక్సిజన్ మాస్కు పెట్టేశాడు. లోతులో ఒంట్లోకి చేరిన నైట్రోజన్, పైకి వచ్చేటప్పుడు బుడగలు కడితే ఇట్లా అవుతుందట. లోతూ టైమూ కొలత ప్రకారం పాటించినా ఒక్కోసారి వస్తుందన్నాడు. ఒడ్డు చేరేలోపే షాపువాళ్లు ద్వీపంలోని డాక్టరుతో మాట్లాడి, జెట్టీకి ఫోన్ చేసి సాయంత్రం ఫెర్రీలో సీట్లు పట్టారు. అది తప్పితే మళ్లీ తెల్లారిందాకా ఫెర్రీ లేదు. దారి పొడవునా రెండో సిలిండర్ నడిచింది. మా ఆవిడ తమ్ముడి చెయ్యి వదలకుండా కూర్చుంది. ఆ టెన్షన్ చెప్పనలవి కాదు.

పోర్ట్ బ్లెయిర్‌లో మిన్నీ బే దగ్గర నేవీ వాళ్ల ధన్వంతరి ఆస్పత్రి ఉంది. రీకంప్రెషన్ చాంబర్ అక్కడే. ఉక్కు గదిలో మనిషిని ఉంచి, 18 మీటర్ల లోతున ఉండేంత ఒత్తిడి పెంచి స్వచ్ఛమైన ఆక్సిజన్ ఇస్తారు. 20 నిమిషాలు ఆక్సిజన్, 5 నిమిషాలు మామూలు గాలి. ఆగకుండా ఇస్తే ఆ ఆక్సిజనే ఫిట్స్ తెప్పించవచ్చు. మధ్యలో ఒత్తిడి తగ్గిస్తూ మొత్తం నాలుగు గంటల ముప్పావు. బయటికొచ్చి మా వాడు వేళ్లు ముడిచి తెరిచి చూపించాడు. తిమ్మిరి పోయింది.

వైద్యం అయ్యాక కూడా 72 గంటలు విమానం ఎక్కొద్దన్నారు డాక్టరు. విమానం లోపల ఒత్తిడి ఆరేడు వేల అడుగుల కొండ మీద ఉన్నట్టే ఉంటుంది, మిగిలిన బుడగలు పెద్దవవుతాయి. ఇట్లాంటి రోగిని హెలికాప్టర్‌లో తరలిస్తే వీలైనంత కిందుగా ఎగరాలి. ఎయిర్ అంబులెన్స్ అయితే లోపల సముద్రమట్టం ఒత్తిడి ఉంచాలి. ఏ ఇబ్బందీ లేని వాళ్లు కూడా ఒక్క డైవ్ తర్వాత కనీసం 12 గంటలు, ఎక్కువ డైవ్‌లైతే 18 గంటలు ఆగాలి. పొద్దున డైవ్, మధ్యాహ్నం ఫ్లైట్ అని ప్యాకేజీ వేసేవాళ్లుంటే దయచేసి ఒప్పుకోకండి.

ఇన్సూరెన్స్ కాగితం పోకముందే చదవండి. మామూలు ట్రావెల్ పాలసీల్లో చాలావాటికి స్కూబా వర్తించదు, వర్తించినా లోతుకు పరిమితి ఉండొచ్చు. డైవర్ల కోసమే 1980లో అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీలో మొదలైన డాన్ (డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్) అనే సంస్థ ఉంది. చాంబర్ ఖర్చుకు, తరలింపుకు కవర్ ఇచ్చేవి అట్లాంటివే.

ఆగాల్సిన రోజుల్లో అబర్డీన్ బజార్‌లో లాడ్జి తీసుకున్నాం. గది చిన్నదే గానీ శుభ్రంగా ఉంది, మళ్లీ చూపించుకోవడానికి ఆస్పత్రికి ఆటోలో పోయొచ్చాం. డాక్టరు చీటీ చూపించినా ఎయిర్‌లైన్ వాళ్లు తేదీ మార్పుకు డబ్బు కట్టించుకున్నారు. కొంచెం ఎక్కువైనా సరే, తేదీ మార్చుకునే వీలున్న టికెట్టే కొనండి.