చేనా, చెరువా, ప్లాట్లా?

ఊళ్ళో ఎకరమో రెండెకరాలో ఉంచుకుని బయట ఉద్యోగం చేసుకునే వాళ్ళు నన్ను అడిగేది ఎప్పుడూ ఒకటే. వరికే ఉంచమంటారా, చేపలకో రొయ్యలకో చెరువు తవ్వించి లీజుకి ఇచ్చేయమంటారా, వెంచర్ వాళ్ళకి అమ్మేయమంటారా అని. మొన్న సంక్రాంతికి మా అన్నదమ్ములం కూడా ఇదే తేల్చుకున్నాం. మాది భీమవరం దగ్గర పల్లపు చేను, మెట్ట వాళ్ళ లెక్క వేరు.

డబ్బు దగ్గర వరి ఓడిపోతుంది, దాచేదేం లేదు. చెరువు లీజు పక్కన పెడితే వరి కౌలు చిన్నబోతుంది. లీజుకిచ్చాక మనకేం టెన్షన్ అంటారు గానీ, రొయ్యలకి తెల్లమచ్చ తెగులు వచ్చి లీజుదారుడు చేతులెత్తేస్తే మనకి మిగిలేది గొయ్యి, దాన్ని మళ్ళీ చేను చేసే ఖర్చూ మనదే.

అందరూ నీళ్ళు వస్తాయా అని చూస్తారు, నేను మాత్రం పోతాయా అని చూస్తాను. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టాకి నీళ్ళు రావడం పెద్ద బెంగ కాదు (రెండో పంట దాళ్వాలో నీటి వంతుల కోసం కాచుకునే శివారు రైతులు ఈ మాటకి నన్ను తిట్టుకుంటారు, తిట్టనివ్వండి). నేలంతా చదును, యనమదుర్రు లాంటి డ్రెయిన్లు మెల్లగా నడుస్తాయి, సముద్రం పోటు మీదుంటే అదీ ఉండదు, మధ్యలో గుర్రపుడెక్క సరేసరి. 2011లో కోనసీమ రైతులు తొలి పంట సార్వాకి పంట విరామం ప్రకటించినప్పుడు గిట్టుబాటు ధరతో పాటు ఈ మురుగు గోడూ ఉంది.

వరిచేను వాన నీటిని కాసేపు తన మీద నిలుపుకుని, గట్టు గండి కొడితే మెల్లగా పక్కనున్న చిన్న కాలువ, అదే బోదెలోకి వదులుతుంది. చెరువు గట్టు ఎత్తుగా లేచిందంటే పక్క చేను తొట్టి అయిపోతుంది, దానికి తోడు ఊట, ఉప్పునీళ్ళ బోరు వేసి రొయ్య పెంచితే ఆ ఊటలో ఉప్పు. మా పక్కాయన చేను రెండేళ్ళు చౌడు పట్టింది, మూడో ఏడు ఆయనే పొక్లెయిన్ పిలిపించాడు, చెరువు మీద మోజుతో కాదు, వరి పండక. అంటే మనం ఒక చెరువు తవ్వితే చుట్టూ ఉన్న నలుగురి నిర్ణయం కూడా మనమే చేసేసినట్టు! కొల్లేరులో అయితే 2006లో ప్రభుత్వమే చెరువుల గట్లు కొట్టించాల్సి వచ్చింది.

ప్లాట్లకి మెరక చేస్తారు, బోదె మట్టి కిందకి పోతుంది, తూము ఎక్కడుందో ఎవరికీ గుర్తుండదు. చెరువునైనా పూడ్చుకోవచ్చు, ప్లాటుని మళ్ళీ చేను చెయ్యలేం. ఊళ్ళు పెరుగుతున్నాయి, ఇళ్ళు కావాలి, కాదనను. ఊరిని ఆనుకున్న మెరక నేల అయితే వేసుకోండి, ఆయకట్టు నడిమధ్యలో మాత్రం వద్దు.

కొబ్బరి, ఆయిల్ పామ్ గురించి కూడా అడుగుతున్నారు. నీళ్ళు నిలిచే పల్లంలో అనవసరం.

మేం వరికే ఉంచాం. తమ్ముడికి ఇంకా మనసొప్పలేదు, ఫోన్ చేసినప్పుడల్లా లీజు ఎంత పోయిందో లెక్క చెబుతున్నాడు. మీరేం చేసినా ఎండాకాలంలో చేను చూసి తేల్చుకోకండి, బ్రోకర్లు అప్పుడే తిప్పుతారు. అక్టోబరులో ముసురు పట్టిన మూడో రోజు గొడుగేసుకుని వెళ్ళి, గట్టు మీద నిలబడి, నీళ్ళు ఎటు కదులుతున్నాయో చూడండి, అసలు కదులుతున్నాయో లేదో.